కాచినదీ, కలిపినదీ

పాతపాళెం,
12 ఫిబ్రవరి 2025.

చిరంజీవి సాహిరాకు మామ దరియావలి దువా.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నేను మాత్రం క్షేమంగా లేను. ఒళ్ళు బాగానే ఉంది, మనసే బాగా లేదు. మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కదిరి నీళ్ళు దానికి పడటం లేదని నా అనుమానం. నా చెల్లెలికి చిన్నప్పటి నుంచి సముద్రపు గాలి తగలకపోతే ఏదో ఒక నొప్పి వస్తుంది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటి అంటావేమో. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నా కొడుకు జేబులో ఉంటుంది, వాడు కౌలుకు పట్టిన రొయ్యల గుంట దగ్గర ఉంటాడు. వాడి గురించి వాడి ఫోనులోనే మాట్లాడటం నాకు చేతకాదు.

సంగతేమిటంటే, రోజాలు దగ్గర పడ్డాయి గదా, ఇఫ్తారుకు నెల్లూరు అంగళ్ళలో అమ్ముతానని అర్మాన్ మన నన్నారి వేళ్ళ షర్బత్తును సీసాల్లో నింపాడు. తెచ్చి నా ముందు పెట్టాడు. సీసా మీద నా బొమ్మ! గడ్డానికి నల్లరంగు వేయించాడు. మీ అత్త జైతూన్‌బీ చూసి, "ఎవురీ కుర్రోడు?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. మొదటిది నన్నారి అని కూడబలుక్కున్నాను. రెండోది హోటళ్ళలో అనే డికాషన్ అయివుంటుందనుకుని చూస్తే, తోక అదే గానీ తల వేరు.

"ఇదేందిరా?" అని అడిగాను.

"సాహిరా వదిన రాసిచ్చింది నాయనా. కాంకాక్షన్. డికాషన్ మాదిరిదే, దానికంటే స్టైలుగా ఉంటాది," అన్నాడు.

బడిలో జడ్సన్ మాస్టారిని అడిగితే, రెండూ అన్నదమ్ములే పొమ్మన్నాడు. అన్నదమ్ములైతే మాత్రం ఒకడి పేరు పెట్టి ఇంకొకడిని పిలుస్తామా? నువ్వు ఇంగ్లీషు టీచరమ్మవు. ఆ రెండింటికీ తేడా ఏమిటో, మనది ఏదో, నాకు తెలిసే తెలుగులో రాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, దర్గా గంధం పండగ నాడు ఫాతెహా చదివాక మొదటి గ్లాసు పోసే హక్కు మన ఇంటిది. మా తాత నాటి నుంచీ ఇంకో ఇంటి షర్బత్తు ఆ గుమ్మంలో పడలేదు. నాకు పొలం లేదు, పడవ లేదు. ఉన్న మర్యాదంతా ఆ ఒక్క గ్లాసులోనే ఉంది. దాని మీద ఏ మాట రాసినా నాకు తెలిసి రాయాలి.

మీ మామ,
దరియావలి

*

కదిరి,
19 ఫిబ్రవరి.

మామకు సలాం. అత్తకు సలాం. అర్మాన్‌కు ఈసారి ఏమీ లేదు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నీ ఉత్తరం చదివి, "మా అన్నకు సముద్రం తప్ప ఇంకో వైద్యం తెలీదు," అంది.

మామా, నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. ఏదైనా వేరో బెరడో నీళ్ళలో వేసి, సారమంతా దిగేదాకా మరిగించి, వడగట్టి తీస్తే అది డికాషన్. మన కషాయమూ అదే. దానికి కావలసింది నిప్పు, ఓపిక. కాంకాక్షన్ వేరు. అదీ ఇదీ చేర్చి, కలిపి, ఒక పానీయం అనిపించేది కాంకాక్షన్. అది బాగుండొచ్చు, బాగుండకపోవచ్చు. పాత లాటిన్‌లో రెండూ ఒకే వంటింట్లో పుట్టిన మాటలే. ఒకటి మరిగించి దించడం, ఇంకొకటి కలిపి వండటం. రెండో మాటకు ఈ రోజుల్లో ఇంకో వాడుక కూడా ఉంది. లేనిపోని కథ అల్లినా ఆ మాటే అంటారు.

మా హాస్టల్లో పొద్దున పిల్లలకు పోసే కాఫీ ఉంది చూడు, అది రెండో రకం. పొడి, పాలపొడి, నిన్నటి గిన్నె వాసన అన్నీ ఒకచోట చేర్చి వేడిచేస్తారు. తాగిన ప్రతిసారీ మీ ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

అర్మాన్ లేబులుకు మాట కావాలన్నప్పుడు నేను ఒక్కటే అడిగాను, కాచిందా, కలిపిందా అని. వాడు చెప్పినదాన్ని బట్టి రాశాను. నేను పిల్లలకు పాఠం చెప్పుకుని బతుకుతున్నాను, తెలిసి అబద్ధం రాయలేను. దాని మీద నీ బొమ్మ వేశారని ఇప్పుడే తెలిసింది. నా మనసు విరిగిపోయింది మామా. ఇంతకంటే రాయను.

సాహిరా

*

పాతపాళెం,
26 ఫిబ్రవరి.

సాహిరా,

ఈసారి దువా కూడా రాయబుద్ధి కావడం లేదు. అయినా అలవాటు చొప్పున అల్లా నిన్ను చల్లగా చూడాలి.

కలిపిందట! నా షర్బత్తు కలిపిందట! నువ్వెక్కడ పెరిగావు? మా ఇంట్లో కాదూ? నన్నారి వేళ్ళకంటిన మట్టి నాలుగు నీళ్ళలో కడిగి, దంచి, లోపలి ఈనె తీసేసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కాగు ఎక్కిస్తే, పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోసింది నువ్వు కాదూ? ఒకనాడు నీ జడ కొస కాలి ఇల్లంతా కంపు కొట్టింది. అంత చేశాక, వదిలేసి వెళ్ళి నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివి, మామది కలగలుపు అని సీసా మీద రాస్తావా?

నిమ్మకాయ పిండుతామని అన్నావా? సబ్జా గింజలు వేస్తామనా? అలాగైతే బిర్యానీ కూడా కలగలుపే, పెళ్ళి కూడా కలగలుపే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఉంది నీ ఇంగ్లీషు. మీ అత్త మాత్రం, "ఆ పిల్ల ఊరికినే రాసే రకం గాదు. దాంట్లో ఏందో ఉండాది, నువ్వు అరవబాక," అంటోంది. నేను అరుస్తాను. అరవకపోతే ఇది నా ఇల్లెలా అవుతుంది?

చదువుకున్నవాళ్ళు మా చేతి వంట తిని మా చేతినే ఈసడించుకోవడం చూస్తే నాకు రోత పుడుతోంది. రోత అనే రాస్తున్నాను, చూసి చదువుకో.

దరియావలి

*

కదిరి,
7 మార్చి.

మామకు సలాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి భయమేసింది. మనిద్దరం వేరువేరు షర్బత్తుల గురించి రాసుకుంటున్నామేమో అనిపించింది.

సూటిగా అడుగుతున్నాను. ఆ సీసాలో ఉన్నది నువ్వు తాగావా?

మొదటి రోజా నాడు అర్మాన్ పంపిన సీసా విప్పాం. అమ్మ ఒక్క గుక్క తాగి, దొడ్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది. "ఇది మా అన్న చెయ్యి కాదు," అంది. నాలుక మీద పొర కట్టినట్టు రంగు. తీపి గొంతులో దిగకుండా అక్కడే పీకుతోంది. వాసనైతే స్నానాల గది కడిగే మందు వాసనే. పగలంతా ఉపవాసముండి, మసీదులో బాంగు విన్నాక నోట్లో పోసుకునేది అదా మామా? ఖర్జూరం పండు కూడా ఆ రోజు నాకు దిగలేదు.

అర్మాన్ నాతో ఏమీ దాచలేదు. "చక్కెర పాకం, ఎసెన్సు, రంగు అంతే వదినా. నన్నారి యేళ్ళు యాడ తెచ్చేది అంతమందికి?" అన్నాడు. అందుకే ఆ మాట రాశాను. కాచినది కానిదాన్ని కాచిందని రాయలేక రాశాను. నీ బొమ్మ ఉందన్నాక, నీకు చెప్పే చేశాడనుకున్నాను. నువ్వూ ఒప్పుకున్నావనుకున్నాను. అందుకే మనసు విరిగిందని రాశాను.

తెలిసి ఒప్పుకునివుంటే నాకు నీ మీద అసహ్యం. తెలియకపోతే నా రెండు ఉత్తరాలకూ క్షమించు. ఏదో ఒకటి చెప్పు. చెప్పేదాకా నాకు ఇఫ్తారులో నీళ్ళు తప్ప ఏదీ సయించదు.

సాహిరా

*

పాతపాళెం,
22 మార్చి.

తల్లీ సాహిరా,

తెలియదు. అల్లా సాక్షిగా నాకు తెలియదు. ఉత్తరం ఆలస్యమైందని బెంగపెట్టుకుని ఉంటావు. వాడితో తేల్చుకున్నాకే రాద్దామని ఆగాను.

వాడూ గుంట దగ్గర మన పద్ధతిలోనే కాచాడనుకుని సీసా మూత నేను తీయనే లేదు. మన ఇంటి షర్బత్తును సీసాలో పోసుకుని రుచి చూసేదేమిటి, రోజూ చూసేదే గదా అనుకున్నాను. నీ ఉత్తరం చదివి తీశాను. అదేం కంపే! ఉపవాసంలో ఉన్నాను కాబట్టి నోట పెట్టలేదు, ముక్కుకే అర్థమైంది. ఎండలో చెప్పుల్లేకుండా గుంట దగ్గరికి నడిచాను.

వాడి షెడ్డులో నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత ఎత్తితే లోపల బుడబుడలాడుతోంది. పైన నురగ, నురగలో తవుడు, తవుడులో చచ్చిన ఈగలు.  అర్మాన్‌ను పిలిచి చూపించాను.

"ఇదేనా నువ్వు నా బొమ్మేసి అమ్మేది?" అన్నాను.

"అది రొయ్యలకు నాయనా! బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టేది. గుంటలో పోస్తే నీళ్ళు బాగుంటాయి. అందురూ చేస్తారు. మనుషులది ఇంకో పక్కన ఉండాది, చూడు," అన్నాడు.

మనుషులది చూశాను. ఎర్రగా, నున్నగా ఉన్న మోసం. మూత తీస్తే వచ్చేది ఎసెన్సు వాసన. రొయ్యలకైనా నిజంగా బెల్లం పోస్తున్నాడు, మనుషులకు అదీ లేదు.

చాలా మాటలనుకున్నాం. వాడు చెప్పేదీ వినాలి గదా, విన్నాను. "కొండలో యేళ్ళు తగ్గిపోయినాయి నాయనా. నువ్వు కాచేది ఒక ఊరికి చాలదు. జనానికి కావాల్సింది రంగు, తీపి," అన్నాడు. జనానికి ఏం కావాలో వాడికి తెలుసట. నా బొమ్మ ఎందుకు వేశావని అడిగితే మాత్రం తల దించుకున్నాడు. మిగిలిన సీసాలన్నిటి మీద కాగితం గీకించాను. ఆ అమ్మకం మానేస్తానన్నాడు. రెండు రోజులు నేనూ వాడూ ఎడమొహం పెడమొహంగా ఉంటే, మీ అత్త మధ్యలో నిలబడి ఇద్దరికీ వడ్డించింది.

నిన్ను తిట్టినందుకు ఏం రాయను? నువ్వు రాసిన మాట ఒక్కటే ఆ సీసా మీద నిజం.

ఇప్పుడు గంధం సంగతి. రంజాన్ పండగ వెళ్ళిన రెండో గురువారం. ఉదయగిరి కొండవైపు నుంచి వేళ్ళు వచ్చాయి, మంచివి, విరిస్తే ఇల్లంతా వాసన. కాగు నేనే ఎక్కిస్తాను. నా భుజం ముందులా లేదు, పాకం బిందెలు మోయలేను. మోసుకెళ్ళడం, నీళ్ళు కలపడం అర్మాన్ చేస్తానన్నాడు. సరేనన్నాను. నీళ్ళు పోయడంలో ఏం మోసముంటుంది?

మీ అమ్మకు చెప్పు, ఆ ఉమ్మేసినందుకు దానికి నా దువా.

మామ

*

పాతపాళెం,
12 ఏప్రిల్.

సాహిరా,

ఇది చదివాక మీ అమ్మకు మెల్లగా చెప్పు.

పోయింది తల్లీ. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను దర్గా గుమ్మంలో కల్లు పోసి షర్బత్తు అన్నాను.

పాకం నేను కాచిందే. మంగళవారం పొద్దున దించాను. అంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు, మీ అత్త గరిటె నాకి, ఈసారి మన తాతలు కూడా లేచి వస్తారంది. అర్మాన్ బిందెలు ఆటోలో వేసుకుని షెడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ బోరు నీళ్ళు మంచివి, చోటుంది. గురువారం హడావుడి ఎందుకని వాడు ఆ మంగళవారమే నీళ్ళు కలిపి పెట్టేశాడు. దేంట్లో? నీలం డ్రమ్ముల్లో. అంతకుముందు వారమే రొయ్యల కుడితి పులిసిన డ్రమ్ముల్లో!

గంధం ఊరేగింపు వచ్చింది. ఫాతెహా అయింది. మూత తీయగానే నురగ కనబడింది. వాడు బాగా తిప్పివుంటాడు, అందుకే నురగ అనుకున్నాను. నా బుద్ధి ఆ పూట ఎక్కడికి పోయిందో! మొదటి గ్లాసు పట్టపుపాళెం చెంచమ్మకు పోశాను. కొడుకు పడవ క్షేమంగా రావాలని ఏటేటా మొక్కుకుని వచ్చే మనిషి. కళ్ళకద్దుకుని తాగింది. సగంలో ఆపి నా ముఖం చూసింది.

"ఓ వలీ సాయిబూ, ఇది షర్బత్తా? కల్లు గదయ్యా!"

అప్పటికి చుట్టూ పదిమంది చేతుల్లో గ్లాసులు. పిల్లలున్నారు, హజ్ చేసొచ్చిన పెద్దాయనున్నాడు. నేను ఒక గ్లాసు నోట్లో పోసుకున్నాను. నాలుక మీద చురుక్కుమంది. పులుపు. ఆ పులుపు కింద తవుడు కంపు. దాని కింద ఎక్కడో, మునిగిపోతున్నవాడి చెయ్యిలాగా, నా నన్నారి వాసన. అదే నేను తట్టుకోలేకపోయాను. అక్కడే వాంతి చేసుకున్నాను, దర్గా మెట్ల మీద.

జనమంతా కుళాయి దగ్గర నోళ్ళు పుక్కిలించి ఉమ్మారు. గోడ పొడుగునా ఉమ్ములే. నెల రోజులు రోజాలున్న నోళ్ళు. "మత్తు పోసినాడయ్యా దర్గాలో," అని ఎవరో అన్నారు. నేను తల ఎత్తి ఎవరని చూడలేదు.

దర్గా పెద్ద ముతవల్లి గారు ఒక్కటే చెప్పారు. వచ్చే శుక్రవారం, పద్దెనిమిదిన, జుమ్మా నమాజు అయ్యాక పెద్దలు కూర్చుంటారు. మొదటి గ్లాసు మన ఇంటికి ఉంచాలో తీసేయాలో ఆ రోజు తేలుస్తారు.

అర్మాన్ అడిగినదానికి ఒక్క మాటే అంటున్నాడు, "డ్రమ్ములు కడిగినా నాయనా, సబ్బుతో కడిగినా." నిన్న మాత్రం, "శుక్రారం నేను మాట్లాడతా. నువ్వు మాట్లాడబాక," అన్నాడు. ఏం మాట్లాడతాడు? ఎండకు చెడిందంటాడా? చక్కెర చెడ్డదంటాడా? చెంచమ్మకు కల్లు అలవాటు, అందుకే అట్లా అనిపించిందంటాడా? వాడి ముఖం చూస్తే నాకు ఆ డ్రమ్మే కనబడుతోంది. ఒకే పళ్ళెంలో తినలేకపోతున్నాను.

ఏం చేయాలో నువ్వు చెప్పు. తిరుగు టపాలో స్పీడు పోస్టు చెయ్యి.

మామ

*

కదిరి,
15 ఏప్రిల్.

మామా,

నిన్న సెలవు, నీ ఉత్తరం ఇవాళ అందింది. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు, వెగటు వచ్చింది. గంధం షర్బత్తును రొయ్యల డ్రమ్ములో పోయడానికి చేతులెలా వచ్చాయి వాడికి?

మా సైన్సు మేడమ్‌ను అడిగాను. ఈస్టు సబ్బుకు పోదట. ప్లాస్టిక్ మీది గీతల్లో దాక్కుంటుందట. చక్కెర నీళ్ళు, ఏప్రిల్ ఎండ, రెండు రోజులు, ఇంకేం కావాలి దానికి? నువ్వు కాచినదాన్ని వాడు మళ్ళీ కలగలుపు చేసి పెట్టాడు.

నువ్వడిగావు కాబట్టి నా మాట చెబుతాను. శుక్రవారం వాడిని ముందు మాట్లాడనివ్వకు. నా దగ్గర రంగునీళ్ళకు మాట అడిగి, నీ దగ్గర దానికే స్టైలని చెప్పినవాడు వాడు. కథ అల్లడం వాడికి వచ్చు. బాగా అల్లుతాడు, పెద్దలు నమ్ముతారు, హక్కు కూడా మిగులుతుందేమో. అలా మిగిలిన గ్లాసును నువ్వు ఏ ముఖంతో ఎత్తుతావు? నువ్వే ముందు లే. జరిగింది జరిగినట్టు చెప్పు. పోతే పోనీ.

నాకు పరీక్షల డ్యూటీ, వదలరు. లేకపోతే నేనే వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని.

సాహిరా

*

కదిరి,
16 ఏప్రిల్, సాయంత్రం.

మామా,

నిన్న నేను రాసిన ఉత్తరం పొయ్యిలో పెట్టు. ఇది దాని వెనకాలే వస్తోంది, గురువారమో శుక్రవారం పొద్దునో అందుతుంది. అందగానే చదువు, నమాజుకు వెళ్ళేముందు చదువు.

మధ్యాహ్నం అర్మాన్ ఫోను చేశాడు. మొదట ఎత్తలేదు. మూడోసారి ఎత్తాను. వెనక గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్ చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పాడు. సోమవారం నుంచి వాడు పెద్దల ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తున్నాడట. డ్రమ్ము నాది, తప్పు నాది, మా నాయన కాచిన దాంట్లో ఏ దోషమూ లేదు, ఆయనకు తెలియనే తెలియదు అని చెబుతున్నాడట. చెంచమ్మ ఇంటికి కూడా వెళ్ళాడు. "నాలుగు తిట్టింది వదినా, తర్వాత చేపల పులుసుతో అన్నం పెట్టింది," అన్నాడు.

నీకెందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నాయన అడ్డం వచ్చి తప్పు తన మీద యేసుకుంటాడు. నువ్వు గూడా చెప్పబాక వదినా," అన్నాడు. మాట ఇచ్చాను. ఇచ్చి, ఇదిగో, తప్పుతున్నాను. నిన్న నేను రాసిన మాటలు నీ చేతిలో ఉండగా ఊరుకోలేను.

శుక్రవారం నువ్వు నోరు విప్పకు. వాడి పక్కన కూర్చో, చాలు. వాడిని నేను తక్కువగా లెక్కగట్టాను. నాకు నా మీదే కంపరంగా ఉంది.

సాహిరా

*

పాతపాళెం,
20 ఏప్రిల్.

తల్లీ సాహిరా,

నీ మొదటి ఉత్తరం గురువారం అందింది. రెండోది నిన్న, శనివారం అందింది. శుక్రవారం గుడ్ ఫ్రైడే, పోస్టాఫీసుకు సెలవు. పోస్ట్‌మ్యాన్ బెన్హర్ తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్తూ నాకు ఎదురుపడ్డాడు కూడా. వాడి సంచిలో నా పరువుందని వాడికేం తెలుసు, నాకేం తెలుసు.

జరిగింది రాస్తాను. నిన్ను తప్పు పట్టడానికి కాదు. నువ్వు రాయకపోయినా నేను అదే చేసేవాణ్ణి. వారం రోజులుగా నా కడుపులో పులుస్తున్నది నీ ఉత్తరం కాదు.

నమాజయ్యింది. పెద్దలు కూర్చున్నారు. అర్మాన్ గడప దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. వాడు గొంతు సవరించుకోవడం చూశాను. అంతే, లేచాను.

"అయ్యా, నా కొడుకు ఇప్పుడు మీకొక కథ చెప్తాడు. నమ్మబాకండి. వాడు రంగునీళ్ళకు నా బొమ్మేసి అమ్మినోడు. రొయ్యల కుడితి దర్గాకు తెచ్చినోడు. వాడి నోట్లోనించి నిజం రాదు. నాకు వాడిని చూస్తానే రోత," అన్నాను.

ఇంకా అన్నాను. అన్నీ రాయలేను. ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపడం లేదో అర్థం కాక నేనే ఆగాను. పెద్దలందరూ చాప వంక చూస్తున్నారు.

ముతవల్లి గారు మెల్లగా అన్నారు. "కూర్చో వలీ. వాడు సోమారమే మా ఇంటికొచ్చినాడు. నా కాళ్ళ దగ్గర కూర్చోని అంతా చెప్పినాడు. నీ పేరు మీద మచ్చ రాకూడదని అడిగినాడు. మేము నిన్ననే అనుకున్నాం, గ్లాసు మీ ఇంటిదే. ఇయ్యాల ఆ మాట చెప్పేదానికే కూర్చున్నాం."

నేను వెనక్కి తిరిగేసరికి గడప దగ్గర అర్మాన్ లేడు.

హక్కు మిగిలింది సాహిరా. నాకు కావలసింది అదే గదా, మిగిలింది. దాన్ని నిలబెట్టినవాడి మీద నేను పదిమందిలో మాటలతో ఉమ్మేశాను. చెప్పని కథను వాడి నోట్లో పెట్టి, నేనే అల్లి, నేనే అసహ్యించుకున్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని నీకు చిన్నప్పుడు చెప్పినవాణ్ణి నేనే.

వాడు ఇంటికి రావడం లేదు. మీ అత్త నాతో మాట్లాడటం లేదు, వాడికి క్యారేజీ మాత్రం పంపుతోంది. నిన్న నీ ఉత్తరం చదివాక గుంట దగ్గరికి వెళ్ళాను. వాడు గట్టు మీద కూర్చుని వల చిరుగులు చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఇంటికి దా అర్మాన్," అన్నాను.

చేతికందిన చిరుగు ముడేశాడు.

"ఆ దినం నా డ్రమ్ములోది తాగినోళ్ళంతా కుళాయి కాడికి పొయ్యి పుక్కిలించి ఊసేసినారు నాయనా," అన్నాడు. "నువ్వన్న మాట నేను యాడ ఊసేది?"

 పక్కన కూర్చున్నాను. కూర్చోమని వాడు అనలేదు, లేచిపొమ్మని కూడా అనలేదు. ఎండ ఎక్కాక మీ అత్త పంపిన క్యారేజీ విప్పాడు. వాడు తిన్నంతసేపూ నేను గుంటలోకి చూస్తూ ఉన్నాను. నాకు పెట్టలేదు. నేను అడగలేదు.

ఇవాళ కూడా వెళ్ళి వచ్చాను. రేపు కూడా వెళ్తాను.

మామ